నీలం రంగు కింద ఇనుము

మొన్న మా వీధిలో ఎవరో కిటికీలకు ఎనామిల్ రంగు వేయిస్తుంటే ఆ ఘాటు వాసన మా ఇంటిదాకా వచ్చింది. మా వైపు క్రైస్తవుల ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ వాసనతో క్రిస్మస్ గుర్తొస్తుంది. నాకు మా పెదనాన్న గుర్తొచ్చాడు. ఆయన మీద నాకున్న చిన్నచూపు ఇరవై ఏళ్లయినా తగ్గలేదని కూడా అప్పుడే తెలిసింది.

జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట మా ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల మాట ఇది. డిసెంబరు వస్తే ఒక పక్క చేలల్లో పత్తి ఏరుతుండేవారు, ఇంకో పక్క ఇళ్లకు సున్నాలు వేస్తుండేవారు. తడి సున్నం వాసన, అరిసెల పాకం వాసన, చలికి సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనె, వెదురు బద్దలకు రంగు కాగితం అతికించి ఇంటి మీద కట్టే నక్షత్రం, తలుపులకూ కిటికీలకూ నీలం రంగు. తలుపులకు వేయగా మిగిలిన రంగు పారేయడానికి మా వాళ్లకు చేతులు రావు. దాన్ని మంచం కోళ్లకు, నీళ్ల డ్రమ్ముకు, చివరికి మోటారు సైకిలుకు కూడా పూసేవారు. పాతది గీకకుండా ఏటేటా దాని మీదే పూసేవారు. ఏ బండి ఎవరిదో వాళ్ల తలుపులు చూసి చెప్పొచ్చు.

మా బండి నాన్న కొనేనాటికే పాతది. బరువైనది. హెడ్‌లైటు మీద చిన్న గడియారం లాంటి దాంట్లో ఒక ముల్లు ఉండేది. తాళం తిప్పితే ఆ ముల్లు కదలాలి, కదిలితేనే కరెంటు పారుతున్నట్టు. అమ్మ ఉపకేంద్రంలో నర్సు. ప్రతి బుధవారం మంచుగడ్డల పెట్టెలో పిల్లల టీకాలు పెట్టుకుని నాన్న బండి మీద అడవిలోని గూడేలకు వెళ్లేది.

ఆ ఏడు బండికి రంగు వేసింది నాన్న అన్న, మా పెదనాన్న. ఆయన ఏ పనైనా తెలిసినవాడిలా మొదలుపెట్టేవాడు. సీటు విప్పి, బ్యాటరీ తీసి, దాని ఎర్త్ తీగ బిగించే చోటుతో సహా చట్రమంతా నున్నగా పూసి, ఆరాక ఆ రంగు మీదే తీగను మళ్లీ బిగించాడు. రంగు అడ్డుపడ్డా బోల్టు మరల గుండా ఏదో కాస్త కరెంటు అందేదేమో, బండి ఒక రోజు లేచేది, రెండు రోజులు లేచేది కాదు. జనవరిలో వరసగా రెండు బుధవారాలు అసలే లేవలేదు.

అమ్మ వెళ్లాల్సింది వాగు అవతలి గూడేనికి. అక్కడివాళ్లు సూదికి భయపడేవారు. వాళ్లను ఒప్పించడానికి అమ్మకు ఏడాది పట్టింది. పక్క గూడెంలో అప్పటికే తట్టు పోసింది. మూడో బుధవారం దాటితే వాళ్లు పిల్లలతో సహా కారేపల్లి వైపు మిరపకాయలు ఏరడానికి వెళ్లిపోతారు. ఆటోవాళ్లు వాగు దాటించలేమన్నారు.

ఆ మూడో బుధవారం ఉదయం ఎనిమిదింటికి టీకాల పెట్టె అరుగు మీద ఉంది. పెదనాన్న ప్లగ్గు విప్పి పొయ్యి మీద కాల్చాడు. అగ్గిపెట్టె గరుకు పక్క మీద రుద్దాడు. పెట్రోలులో కిరసనాయిలు కలిపారని బంకువాణ్ని తిట్టాడు. నాన్న చెమటలు కక్కుతూ కిక్కు కొట్టాడు. నెట్టారు, వాలు దాకా నెట్టుకుపోయి వెనక్కి నెట్టుకొచ్చారు. అంతకు ముందు వారమే మెకానిక్కు మాట విని బ్యాటరీ కొత్తది వేశారు. చివరికి పెదనాన్న ట్యాంకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ప్రార్థనను నేను తప్పుపట్టను. కళ్లు తెరిచాకైనా చూడొచ్చు కదా.

చూసింది అమ్మ ఒక్కతే. "హారన్ గూడ సన్నగ వస్తుంది బావగారూ. బ్యాటరీ కొత్తదే గద. టార్చిల స్ప్రింగు తుప్పువడితే గిట్లనే అయితది. కరెంటు మళ్లొచ్చే తొవ్వ ఏడనో ఆగింది."

"బండి ఏమన్న టార్చిలైటా మరదలా?" అన్నాడు పెదనాన్న. "నువ్వు నీ సూదులు సూసుకో పో."

"అన్న చూస్తున్నడు గద, జర ఆగు," అన్నాడు నాన్న.

నేను నవ్వాను. అప్పుడు ఏడో తరగతి. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల పక్షాన నవ్వే వయసు. అదేమీ సాకు కాదు.

పదకొండు కావస్తుంటే ఇద్దరూ చాయ్ తాగడానికి లోపలికి వెళ్లారు. అమ్మ పానాతో చట్రానికి బిగించిన బ్యాటరీ తీగ బోల్టు విప్పింది. ఉల్లిగడ్డలు కోసే కత్తితో అక్కడి నీలం రంగు గీకింది. దాని కింద ఆకుపచ్చ, ఆ కింద మెరూన్. అన్ని పండుగల రంగులూ పోయాక ఇనుము మెరిసింది. తీగ బిగించి, నన్ను తాళం తిప్పమంది. ముల్లు కదిలింది. హారన్ నొక్కితే చాయ్ గ్లాసులతో ఇద్దరూ బయటికొచ్చారు. రెండో కిక్కుకు బండి లేచింది.

ఆ సాయంత్రం అమ్మ వచ్చి పెట్టె కింద పెట్టి, కాళ్లు కడుక్కోకుండానే కూర్చుంది. గూడెంలో పదకొండు మంది పిల్లలుండాలి. ఇద్దరున్నారు. తల్లులు పొద్దున్నించి చూసి చూసి, పదింటికి ట్రాక్టరు వస్తే ఎక్కిపోయారట. వాళ్లు తిరిగొచ్చేలోపే తట్టు సోకింది. బుచ్చి అనే ఏడాదిన్నర పిల్ల చనిపోయింది. ఆ పేరు అమ్మ మా ఇంట్లో ఒక్కసారే చెప్పింది. నాన్న ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు తిన్నాడు.

మరుసటి క్రిస్మస్‌కు అది నవ్వుకునే కథ అయింది. కజ్జికాయల పళ్లెం మధ్యలో పెట్టుకుని పెదనాన్న చెప్పేవాడు: "అందరు ప్లగ్గు ప్లగ్గు అంటరు. ఎర్త్ అందలే. నేను పట్టిన." కథలో కత్తి ఆయన చేతికి వచ్చేసింది. నాన్న కాదనలేదు. అమ్మ వింటూ లోపల అరిసెలు వత్తుతుండేది.

నిరుడు అమ్మ జ్ఞాపకార్థ కూడికకు పెదనాన్న కర్ర పట్టుకుని వచ్చాడు. కుర్రాళ్ల బండ్లన్నీ బొత్తాం నొక్కితే లేచేవే. వాళ్లను కూర్చోబెట్టి మళ్లీ ఆ కథే ఎత్తుకున్నాడు. అయ్యేదాకా ఆగి అడిగాను: "ఆ రోజు బండి మీద ఎక్కడికి పోవాలె పెదనాన్నా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఏమో బిడ్డా, యాదికి లేదు. ఏదో పని మీద పోతున్నం."

వాగు అవతలి గూడెం అని చెప్పాను. ఆ గూడెం ఇప్పుడు లేదు. ఉన్నవాళ్లు తలో దిక్కుకు పోయారు, ఇళ్లున్న చోట వరసలు వరసలుగా జామాయిల్ తోట పెరిగింది. బుచ్చిని ఎక్కడ పూడ్చారో తెలిసిన మనిషి మా ఇంట్లో అమ్మ ఒక్కతే.

"అవ్, అవ్," అన్నాడు పెదనాన్న. ఆ తర్వాత కుర్రాళ్ల వైపు తిరిగి, ఎర్త్ ఎందుకు అందలేదో మళ్లీ మొదటినుంచి చెప్పసాగాడు.