శాస్త్రవేత్త కోసం ప్రార్థన

అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘంవాళ్లం శుక్రవారం సాయంత్రాలు ఒక్కో వారం ఒక్కో ఇంట్లో ప్రార్థనకి చేరతాం. పాటలయ్యాక ఒక్కొక్కరూ తమ మనవి చెబుతారు, పక్కవాళ్లు దానికోసం పైకి ప్రార్థిస్తారు. వీసాలు, మోకాళ్ల నొప్పులు, పిల్లల కాలేజీ సీట్లు. దేవుడికి మా దగ్గర కొత్త పని తగలడం తక్కువ.

ఆ శుక్రవారం వంతు మాది. ఈస్టర్‌కి మా అమ్మాయి బాప్తిస్మం తీసుకోవాలి. పదిహేడేళ్ల పిల్ల. తెల్ల డ్రెస్ కూడా కొనేశాను. కానీ చలికాలమంతా అది ఒక పేరున్న భౌతిక శాస్త్రవేత్త పుస్తకాలు పట్టుకు కూర్చుంది. విశ్వం మొదలవడానికి దేవుడి అవసరం లేదని ఆయన వాదన. పిల్ల చేజారిపోతుందని నాకు ఒకటే భయం.

మనవి చెప్పే వంతు దానికి వచ్చింది. "నీకోసం ఏం ప్రార్థన చెయ్యమంటావమ్మా?" అని అడిగింది మా అందరికీ పెద్దదిక్కయిన ఆంటీ. ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆవిడ మిరియాల చారు, వెనకాలే ఆవిడ ప్రార్థన వస్తాయి.

మా పిల్లకి అబద్ధం చేతకాదు. "ఆంటీ, నేను ఒక ఫిజిసిస్ట్ బుక్స్ చదువుతున్నా. గాడ్ అవసరం లేదంటారు ఆయన. ఆయన రాంగ్ అని నాకు అనిపించట్లేదు."

నేను సోఫా కవరు సర్దడం మొదలుపెట్టాను. ఆంటీ మాత్రం కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, అంత చదువుకున్న నీ బిడ్డ ఏ బాధలో ఆ మాట అన్నాడో. ఆయనకి మంచి ఆరోగ్యం ఇవ్వు తండ్రీ. కంటినిండా నిద్ర ఇవ్వు..."

"ఆంటీ," అంది పిల్ల మెల్లగా, "ఆయన చనిపోయారు. చాలా ఇయర్స్ అయింది."

ఆంటీ టక్కున కళ్లు తెరిచింది. పోయినవాళ్ల కోసం ప్రార్థించడం మా సంఘంలో లేదు. పాస్టర్‌గారు ఎన్నోసార్లు చెప్పిన సంగతే. అందరం నవ్వాపుకోలేక చచ్చాం. చివరికి ఆంటీ కూడా నవ్వేసింది. "అయితే ఆయన సంగతి ఆయనకి తేలిపోయుంటదిలే. ఇక తేలాల్సింది నీదీ నాదీ. వచ్చే వారం మా ఇంటికి ఆ పుస్తకం పట్రా, మాట్లాడుకుందాం."

అందరూ వెళ్లాక, గిన్నెలు సర్దుతుంటే పిల్ల చెప్పింది. "అమ్మా, బాప్తిస్మం ఇప్పుడు కాదు. నమ్మకుండా వాటర్‌లోకి దిగితే అది లై కదా." కోపం ముంచుకొచ్చింది. నోటిదాకా వచ్చిన మాటలు మింగేశాను. దేవుడి ముందు అబద్ధమాడకూడదని దానికి నేర్పింది నేనే.

ఈస్టర్ ఉదయం తోటి పిల్లలు తెల్లబట్టల్లో వరుసగా నీళ్లలోకి దిగారు. మాది నా పక్కనే కూర్చుని, ఒక్కొక్కరూ తడిసి పైకి లేస్తుంటే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. నాకు కన్నీళ్లాగలేదు.

"సారీ అమ్మా," అంది నా చెయ్యి పట్టుకుని.

"సారీ ఎందుకే," అన్నాను. "ఇవాళ నువ్వసలు రావేమో అనుకున్నా."