అక్క మోకాలు

ఇవాళ పొద్దున పేపర్లో, ఎవరో ఇరవై రెండేళ్ళ టెన్నిస్ ఛాంపియన్ మోకాలు సహకరించక ఆట మానేస్తున్నదని చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను. నా ఈడువాళ్ళకు తప్ప ఈ నీరసం ఎవరికి చెప్పుకోను?

అరవైల మొదట్లో మాట. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో, మిరపకాయలు ఎత్తేశాక ఖాళీ అయిన కల్లంలో సున్నంతో గీతలు గీయించి, మా మేనమామ కొత్తపట్నం నుంచి తెచ్చిన పాత చేపల వల అడ్డంగా కట్టించి, సెలవుల్లో మా అక్క నాన్నతో టెన్నిస్ ఆడేది. ఆ ఘాటుకు తుమ్ముకుంటూ బంతులు ఏరిపెట్టేది నేను. గుంటూరు కాలేజీలో చేరి ఏడాది తిరక్కుండానే జిల్లాలో అక్కను ఓడించే ఆడపిల్ల లేకపోయింది. పదిహేడేళ్ళు దానికి.

ఆ వేసవిలో, జిల్లా పోటీల ఫైనల్ మూడు రోజులుందనగా, బండబారిన ఆ కల్లంలో గెంతీ గెంతీ మోకాలు వాచింది. డాక్టరుగారు నెల్లాళ్ళు కాలు కదపొద్దన్నారు. మా నాయనమ్మ ఆయన్ను పూచికపుల్లపాటి లెక్క చేయలేదు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. అలా పుట్టింది నేనే. ఊళ్ళో ఎవరికి నడుం పట్టినా నాకే కబురు, పదేళ్ళకే అదొక గొప్ప నాకు. నడుముకు పనికొచ్చింది మోకాలికి రాదా అని నాయనమ్మ వాదన.

ఫైనల్ ముందురోజు పొద్దున్నే అక్క చాప మీద కాలు చాపుకుంది. నేను ఎక్కి తొక్కాను. లోపల ఏదో టక్కుమంది. అక్క మొహం పాలిపోయింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

“ఎవరికీ చెప్పకే. రేపు ఆడనివ్వరు.”

చెప్పలేదు. మర్నాడు గుడ్డ బిగించి కట్టుకుని ఆడింది, గెలిచింది, నాన్న భుజం మీద ఇంటికొచ్చింది. మళ్ళీ ఆ కాలు సరిగ్గా మడవలేకపోయింది, రాకెట్ పట్టలేదు. ఆట మీద మోజు తీరిందని చుట్టాలతో చెప్పుకున్నాం.

ఇప్పటి పిల్లలకు మోకాలి లోపల ఏముందో ఫోటో తీసి చూపించే డాక్టర్లున్నారు, ఆపమ్మా అని చెప్పే మనుషులున్నారు, అయినా వాళ్ళ మోకాళ్ళూ అరిగిపోతూనే ఉన్నాయి. అక్క పోయి నాలుగేళ్ళయింది, ఏనాడూ నన్నొక మాట అనలేదు. ఆ రోజు దాన్ని ఆపగలిగింది నేనొక్కదాన్నే. కప్పు వస్తుందని ఊరుకున్నాను.