సంతకం పెట్టినోళ్లు పక్క సీట్ల కూసోవాలె

మా పక్కింటి రాయమల్లుకు కోపం వస్తే అరవడు. భుజం మీది తువ్వాల తీసి, దులిపి, మళ్లీ వేసుకుంటాడు. అంతే. గోదావరిఖని ఓపెన్‌కాస్టు గనిలో ముప్పై రెండేళ్లు డంపర్ నడిపాడు. వంద టన్నుల బండిని రోజూ గని అడుగుకు దించి, పైకి ఎక్కించి, ఒక్కసారి కూడా దేనికీ తగిలించలేదు. అక్కడే హాజరు రాసిన టైమ్‌కీపర్‌ని కాబట్టి సాక్షిగానే చెబుతున్నాను, స్నేహం కొద్దీ కాదు.

ఆయనకొక పట్టింపు ఉండేది. ఫిట్టర్ బ్రేకులు చూసి బాగున్నాయని పుస్తకంలో సంతకం పెడితే సరిపోదు. మొదటి ట్రిప్పుకు ఆ ఫిట్టరే వచ్చి పక్కన కూర్చోవాలి. అది కంపెనీ రూలు కాదు, రాయమల్లు రూలు. ఫిట్టర్లు లోపల తిట్టుకుంటూనే ఎక్కేవారు. కానీ ఆయన డంపర్ బ్రేకులను మాత్రం ప్రతివాడూ రెండుసార్లు చూసేవాడు.

రిటైరయ్యాక కరీంనగర్ వెళ్లి కొత్త కారు కొన్నాడు. తనకోసం కాదు, కూతురు సృజన కోసం. ఆ పిల్ల ఆసిఫాబాద్‌లో ఉంటూ జైనూర్ దగ్గర బడిలో పాఠాలు చెబుతుంది. రోజూ కెరమెరి ఘాటు ఎక్కి దిగాలి. బస్సు తప్పిపోతే జీపు వెనక వేలాడుతూ పోతోందని తెలిసినప్పటి నుంచి తండ్రికి అన్నం సయించలేదు. డ్రైవింగ్ కూడా తనే నేర్పాడు. "నా బిడ్డకు బండి వచ్చింది, ఇగ ఫికర్ లేదు" అని మా గల్లీలో ఇంటింటికీ చెప్పాడు.

కారు అప్పగించే ముందు ఒక్కడే ఘాటు మీద నడిపి చూశాడు. దిగేటప్పుడు నాలుగో మలుపు దగ్గర బ్రేకు పెడల్ మెత్తబడి కిందికి పోయింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి ఎలాగో ఆపుకున్నాడు. ఇంటికొచ్చి తాళంచెవి బియ్యం డబ్బాలో దాచాడు. సృజన ఫోన్ చేసి అలిగింది.

"కారు కొని డబ్బాల దాస్తరా బాపూ? నేను వానల తడుసుకుంట జీపుల పోతున్న."

"బ్రేకు సక్కగైనంక ఇస్త బిడ్డా. జర ఆగు."

షోరూంలో సర్వీస్ మేనేజర్ నిరంజన్ బండిని బైపాస్ మీద అటూ ఇటూ తిప్పించి, 'బ్రేకులు బాగున్నాయి' అని రాసి సంతకం పెట్టాడు. బైపాస్ అరచేయిలా చదునుగా ఉంటుంది, అక్కడ ఏ బ్రేకైనా బాగానే ఉంటుంది. రెండోసారి వెళ్లినా అంతే. మూడోసారి నన్నూ వెంట తీసుకెళ్లాడు. అదే రకం కారు, అదే బాధతో మెట్‌పల్లి పసుపు వ్యాపారి హనుమండ్లు అక్కడ కూర్చుని ఉన్నాడు. చెప్పులతో తొక్కుతున్నందుకే అలా అవుతోందని ఆయనకు చెప్పారట.

"కొత్త బూట్లు కొన్ననే. బ్రేకు గట్లనే ఉన్నది" అని కాళ్లు చాపి చూపించాడు.

నిరంజన్ రాయమల్లును చూసి నవ్వాడు. "అంకుల్, పెద్ద బండ్లు నడిపిన కాలు కదా మీది. చిన్న బండి ఇంకా అలవాటు కాలే."

రాయమల్లు తువ్వాల తీసి, దులిపి, వేసుకున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

"గీ సంతకం మీదేనా సారూ?"

"నాదే."

"అయితే నడువుండ్రి. కెరమెరి ఘాటు దిగుదాం. మీరు నా పక్కన కూసోవాలె."

మీటింగు ఉందన్నాడు నిరంజన్. సరేనని రాయమల్లు కార్లు కొనేవాళ్లు కూర్చునే సోఫాలో కూర్చున్నాడు. హనుమండ్లు కొత్త బూట్లతో పక్కన చేరాడు. ఎవరొచ్చినా రాయమల్లు కారును ఒక్క మాట అనలేదు. "సంతకం పెట్టే సారు ఘాటు దిగేటప్పుడు పక్కన కూసుంటడా అని జర అడుగుండ్రి" అనేవాడు. మధ్యాహ్నానికి మూడు కుటుంబాలు అడిగాయి. నిరంజన్ తల పట్టుకుని, "రేపు పొద్దున పోదాం అంకుల్" అన్నాడు.

మర్నాడు వెనక సీట్లో నేనూ, హనుమండ్లూ. రాయమల్లు రెండో గేరులో, కొండవైపు ఒరుసుకుంటూ, నడిచే మనిషి వేగంతో దించాడు. నాలుగో మలుపులో ఎంతో తాపీగా "పెడల్ పోయింది సారూ" అన్నాడు. అంతదాకా అంకుల్ అన్న నిరంజన్ రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకుని "ఆపు బాపూ!" అని కేక పెట్టాడు. దాచుకోవడమెందుకు, నేను అంతకన్నా గట్టిగా అరిచాను. రాయమల్లు హ్యాండ్‌బ్రేకుతో బండిని గట్టు పక్కన నిలబెట్టాడు.

నిరంజన్‌ను మెచ్చుకోవాలి. దిగి, సీసాడు నీళ్లు తాగి, రోడ్డు పక్క పిట్టగోడ మీదే కూర్చుని ఫోన్లో కంపెనీకి రాశాడు: 'లోపం నిజమే. నేను పక్కన కూర్చుని చూశాను.' మూడు వారాల్లో కొత్త సామాను వచ్చింది. ఫిర్యాదు చేసిన పందొమ్మిది మందినీ పిలిచి మార్చి ఇచ్చారు. రాయమల్లు కారుకు మాత్రం నిరంజన్ అడగకుండానే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఈసారి మక్క కంకి తింటూ ఘాటు దిగాడు.

ఆ ఆదివారం ఆసిఫాబాద్‌లో తాళంచెవి కూతురి చేతిలో పెట్టి, "పొయ్యిరా బిడ్డా" అని పక్కకు జరిగాడు రాయమల్లు. సృజన బండి తీయలేదు.

"బాపూ, నాకు డ్రైవింగ్ వచ్చిందని ఊరంత చెప్పింది ఎవలు?"

"నేనే."

"మరి నువ్వు ఎక్కవా?"

రాయమల్లు చేయి తువ్వాల మీదికి పోయింది. ఈసారి కోపం కాదు, భయం. మైదానంలో బిడ్డకు నేర్పిన నాలుగు రోజులు తప్ప, ముప్పై రెండేళ్లలో ఆయన ఎవరి పక్కనా కూర్చోలేదు. భార్య ఎల్లక్క పడీ పడీ నవ్వుతూ వెనకనుంచి నెట్టింది. ఆయన ఎక్కాడు. ఎల్లక్కా, నేనూ వెనక కూర్చున్నాం. ఘాటు ఎక్కి, పైన తిప్పుకుని దిగేటప్పుడు, ప్రతి మలుపులో ఆయన కుడికాలు కిందున్న చాపను తొక్కుతూనే ఉంది. నాలుగో మలుపు ఆ పిల్ల ఎంత మెత్తగా తిప్పిందంటే, ఎల్లక్క పైన కొని ఒళ్లో పెట్టుకున్న చాయ్ గ్లాసు తొణకలేదు. అప్పుడు చూశాను, రాయమల్లు కాలు కదలడం లేదు.

"ఎట్లుంది బాపూ?"

ఆయన తువ్వాలతో కళ్లు తుడుచుకుని నా జేబులోని పెన్ను లాక్కున్నాడు. కారు సర్వీసు పుస్తకం తెరిచి, నిరంజన్ సంతకం కింద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: 'బ్రేకులు మంచిగున్నయి. డ్రైవర్ ఇంక మంచిగున్నది. పక్కన కూసొని చూసిన. రాయమల్లు.'