యాభై రెండు కిలోల మేస్త్రీ

నారాయణగూడ అడ్డా మీద పొద్దున్నే పనికోసం నిలబడే కూలీల్లో తిమ్మయ్య ఎవరి కంటా పడే మనిషి కాదు. పాలమూరు నుంచి వచ్చి పదకొండేళ్లయింది. కంకర మోశాడు, ఇసుక జల్లించాడు. సిమెంటు పని కాక ఇంకేం వచ్చని పట్నంలో అతన్ని అడిగినవాళ్లు లేరు. 1996 ఎండాకాలంలో ఒకాయన అడిగారు.

ఆయన పేరు జగదీశ్వర్. ముప్పై ఏళ్లు సర్కారు ఇంజనీరుగా సిమెంటు పోయించి రిటైరయ్యారు. అశోక్‌నగర్‌లో తాను వేయించుకున్న స్లాబు కిందే మధ్యాహ్నాలు ఉడికిపోయి, చివరికి పెరట్లో మట్టి గది కట్టి తీరాలని పట్టుబట్టారు.

"మట్టి గోడ పెట్టుడు వచ్చినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

అడ్డా అంతా నవ్వింది. తిమ్మయ్య నవ్వలేదు. ఊళ్లో సగం గోడలు వాళ్ల నాయన పెట్టినవే. "నాకొస్తది సారూ" అన్నాడు.

చిక్కడపల్లిలో ఏదో అపార్ట్‌మెంటుకు పునాది తవ్వి, ఆ మట్టి ఎక్కడ పారబోయాలో తెలియక కూర్చున్నారు. రెండు లారీలు పెరట్లోకి వచ్చాయి. తిమ్మయ్య భార్య ఎల్లవ్వ మట్టి నానబెట్టి, వరిగడ్డి తరిగి కలిపింది. తిమ్మయ్య గుంటలో దిగి తొక్కాడు. మూరెడు ఎత్తు వరస పెట్టడం, ఎండనివ్వడం, పైన మళ్లీ మూరెడు. ఇంజనీరు గారు పక్కనే కుర్చీ వేసుకుని నోటుబుక్కులో రాసుకునేవారు. రేపు ఇంకెవరైనా కట్టుకోవాలంటే పద్ధతి కాగితం మీద ఉండాలి కదా.

"ఎంతసేపు తొక్కాలె తిమ్మయ్యా?"

"అయ్యేదాంక సారూ."

"అయినట్టు ఎట్ల తెలుస్తది?"

"కాలుకు తెలుస్తది."

ఆ మాటను పుస్తకంలో ఎక్కించడం ఇంజనీరు వల్ల కాలేదు. కాలికి తెలిసేదంతా ఒంటి బరువును బట్టేనని తేల్చుకుని, తిమ్మయ్యను ఆటోలో కాచిగూడ స్టేషనుకు తీసుకెళ్లి బరువు చూసే యంత్రం ఎక్కించారు. యాభై రెండు కిలోలు. యంత్రం ఇచ్చిన కార్డు వెనక, త్వరలో విదేశయానం అని జోస్యం రాసి ఉంది. దాన్ని కొట్టేసి, "మట్టిని యాభై రెండు కిలోల మనిషి గంటన్నర తొక్కవలెను" అని రాసి కింద గీత గీశారు.

మరుసటి వారం తిమ్మయ్య జ్వరంతో పడ్డాడు. లేచి వచ్చేసరికి నలభై ఏడు.

"ఐదు కిలోలు తక్కువున్నవ్" అన్నారు ఇంజనీరు నిజమైన బాధతో. "గోడ సగంల ఉన్నది. ఇప్పుడు మనిషిని మారిస్తే తప్ప కుదరదు."

తిమ్మయ్య ఏదో దొంగిలించి దొరికినవాడిలా తల దించుకున్నాడు.

మేడ మీద కిరాయికుండే భాను సరిగ్గా యాభై రెండు. ఆరేళ్లుగా సర్కారు పరీక్షలకు చదువుతున్న ముప్పై ఏళ్ల మనిషి. ప్యాంటు మడిచి గుంటలో దిగి, రాజధానుల పేర్లు వల్లెవేస్తూ గంటన్నరా ఒక్కచోటే తొక్కాడు. ఆ మట్టితో పెట్టిన వరస మధ్యాహ్నానికి పొట్ట ముందుకు తోసి, సాయంత్రానికి కిందికి జారిపోయింది.

ఇంజనీరు పుస్తకం తిరగేశారు. "లెక్క సరిగ్గనే ఉన్నది. గోడదే తప్పు."

మర్నాడు ఎల్లవ్వ ఒక మూటతో వచ్చింది. "సారూ, కొట్ల తూకం ఏయించిన. ఐదు కిలోల జొన్నలు. ఈయన నెత్తిన పెడత. గప్పుడు యాభై రెండు అయితడు గద?"

ఇంజనీరు కాగితం మీద కూడి చూశారు. "అయితడు."

నెత్తిన మూటతో గుంటలో దిగిన తిమ్మయ్యకు మొదట అందరూ చూస్తున్నారని సిగ్గేసింది. నాలుగడుగులు వేశాక మూట సంగతే మరిచిపోయాడు. ఎక్కువ నానిన మట్టి మడమ కింద ఒదిగి, వేళ్ల సందుల్లోంచి వెన్నలా లేచింది. అరగంటకే "అయింది" అన్నాడు. ఇంజనీరు గడియారం చూపించారు. మిగతా గంటసేపు తిమ్మయ్య మట్టిలో నిలబడి బీడీ తాగాడు.

వానలకు ముందే గది మీద గూనపెంకులు పడ్డాయి. ఇంజనీరు గారు మధ్యాహ్నం లోపల చాప వేసుకుంటే చాయ్ వేళకు తట్టి లేపాల్సి వచ్చేది. చూడ్డానికి జనం వచ్చారు. తిమ్మయ్య అడ్డాకు పోవడం మానేశాడు.

తర్వాతి పని బర్కత్‌పురలో. ఆ ఇంటాయన "రండి మేస్త్రీ గారూ" అని కుర్చీ వేస్తే, తిమ్మయ్య కూర్చోవాలో వద్దో తెలియక కాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తెప్పించిన మట్టి కుప్ప దగ్గరికి పోయి, చిటికెడు నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"చవుడున్నది. గోడ నిలవదు."

ఇంటాయన లోపలికెళ్లి చెంచా తెచ్చుకున్నాడు. కాసేపట్లో ఇంట్లో ఆడా మగా అంతా రుచి చూసి, ఉప్పు ఎక్కువైన మాట నిజమేనని ఒప్పుకున్నారు.