పుల్లత్త తూకం

ఒళ్లు చెయ్యడానికి లేహ్యం కాచే మనిషి తానే పుల్లలా ఉంటే ఎవరు నవ్వరు? వీధి మొత్తానికీ ఆమె పుల్లత్తే.

"నీ లేహ్యం నువ్వు తినవా అత్తా?" అని కొత్తవాళ్లు అడక్కుండా ఉండరు.

"నేను తినేస్తే నీకేం మిగులుతుంది?" అంటుంది, గరిటె ఆపకుండా.

ముప్పై ఏళ్లుగా ఆమె పద్ధతి ఒక్కటే. అశ్వగంధ వేళ్ల పొడిని పాలలో ఉడికించి, బెల్లం పాకంలో వేసి, నెయ్యి పోస్తూ ముద్దయ్యేదాకా తిప్పుతుంది. గిన్నె అడుగున అరచెయ్యి ఆనించి చూసి, పూర్తిగా చల్లారాకే తేనె కలుపుతుంది. సీసా ఇచ్చేముందు మనిషిని తూకం మిషను ఎక్కించి, అంకెను తలుపు వెనక పెన్సిలుతో రాస్తుంది. జ్వరమన్నా, ఉన్నట్టుండి చిక్కిపోయానన్నా సీసా ముట్టుకోదు. "ముందు డాక్టరు దగ్గరికి నడువు" అని పంపేస్తుంది.

ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ కూతురికి జబ్బేమీ లేదని డాక్టరు చెప్పాడు. పరుగు పందెంలో, రాత పరీక్షలో నెగ్గింది. అగ్నిమాపక దళంలో ఉద్యోగానికి బరువొక్కటే అడ్డం. నలభై అయిదు కిలోలుండాలి, పిల్ల నలభై మూడుంది. గడువు పది వారాలు. రోజూ పొద్దున ఒక్క చెంచా పాలతో తినమని పుల్లత్త సీసా ఇచ్చింది.

నాలుగో వారం ముల్లు నలభై రెండున్నర దగ్గర ఆగింది.

"తన ఒంటికే పట్టనిది నీకేం పడుతుందే అంటే విన్నావా?" అని కుట్టే ఆవిడ కూతురిని కసిరింది. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

పుల్లత్త సీసా అడిగి తీసుకుంది. రెండు నెలలు రావలసినది అడుగంటింది.

"రోజుకెన్ని చెంచాలు?"

"మూడు... తొందరగా పడుతుందని."

"మరి అన్నం?"

"తినబుద్ధి కావట్లేదత్తా."

"ఎందుకవుతుంది? పొయ్యి నిండా కట్టెలు కుక్కితే మంట ఆరిపోదూ?" సీసా లోపల పెట్టేసింది. శొంఠి పొట్లం చేతిలో పెట్టి, భోజనానికి ముందు చిటికెడు వేడినీళ్లతో వేసుకోమంది. "ఆకలేస్తోందని వచ్చి చెప్పు. అప్పుడిస్తా లేహ్యం."

"ఆరు వారాలే ఉంటే ఆపేస్తావా వదినా? లెక్క తప్పితే?" అంది కుట్టే ఆవిడ.

"తప్పితే తలుపు మీద రాసిన ఆ నలభై రెండున్నర చెరపను. వచ్చిన ప్రతివాళ్లకీ నేనే చూపిస్తా."

అన్నదే గాని, అయిదు రోజులు ఆమె చెవి ఎదురింటి తలుపు చప్పుడు మీదే ఉంది. ఆరో రోజు మధ్యాహ్నం పిల్ల గుమ్మంలో నిలబడింది.

"అత్తా, తినడానికేమైనా ఉందా? ఇంట్లో వంట కాలేదు, ఆగలేకపోతున్నా."

పుల్లత్త మొహం పొయ్యి వైపు తిప్పుకుని నవ్వుకుంది. "చేతులు కడుక్కో" అంది. పిల్ల రెండోసారి వడ్డించుకుంది, మూడోసారి గిన్నె గీకింది. మర్నాటి నుంచి మళ్లీ ఒక్క చెంచా. అది కూడా పుల్లత్త ఎదురుగానే.

పదో వారం తల్లీ కూతుళ్లు పరుగున వచ్చారు.

"నెగ్గానత్తా! అక్కడ నలభై అయిదుంబావు!"

"అక్కడి సంగతి నాకెందుకు? చెప్పులు విప్పి ఇదెక్కు."

ముల్లు అదే అంకె దగ్గర ఆగింది. పుల్లత్త పెన్సిలు నాలుకతో తడుపుకుని, అంకె కాస్త పెద్దదిగానే రాసింది.

"ఇప్పుడు నువ్వెక్కు వదినా" అంది కుట్టే ఆవిడ.

ముప్పై ఏళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. పుల్లత్త బెట్టు చేసి, చివరికి ఎక్కింది. నలభై ఒకటి.

"చాలు" అంది పిల్ల. వంగి ఆమెను అమాంతం భుజానికెత్తుకుంది. "ఈ బరువైతే నిచ్చెన మీంచి కూడా దించేస్తానత్తా!"

"దించవే, పాకం మాడుతుంది" అంది పుల్లత్త. భుజం మాత్రం వదల్లేదు. అక్కణ్ణించి తలుపు మీది అంకెలన్నీ కిందుగా కనిపిస్తున్నాయి.