శుక్రవారం చూపిన బొమ్మలు

ఆ రోజుల్లో నాకు ఆకలీ లేదు, దిగులూ లేదు. సింగానల్లూరు నూలు ఆఫీసులో పని మానేసి ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. ఏడుపు కూడా రాలేదు. వచ్చుంటే అమ్మ ముందే భయపడేది.

ఇది ఉత్త బద్ధకమా, జబ్బా, జబ్బయితే ఎంత ముదిరింది అని తేల్చడానికి డాక్టరు నన్ను సైకాలజిస్టు దగ్గరికి పంపాడు. ఆవిడ ఒక్కో బొమ్మా చూపి కథ చెప్పమంది. బొమ్మలతోనే ఏదీ తేల్చనని, మిగతా మాటలతో కలిపి చూస్తానని కూడా అంది. ఇంట్లో మాది తెలుగే అయినా, ఊరు తమిళం కాబట్టి నేను తమిళంలో బడిపిల్లలా ముక్తసరిగా అప్పజెప్పాను. ఇంటి భాషలో చెప్పు, పక్కనున్న మీ అమ్మ నాకు తమిళంలో చెబుతుంది అంది ఆవిడ.

పాపం, ఆవిడకు మా అమ్మ సంగతి తెలియదు. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం పూట మా ఇంట్లో చెడ్డమాట పలకరు. నోరు మంచిదైతే ఊరు మంచిది అనేది అమ్మ.

కిటికీ దగ్గర కూర్చున్న ఆడమనిషి బొమ్మ. "పొద్దున్నించీ లేవలే. పిలిచినా వినపడదు," అన్నాను. ఇంటాయన కోసం ఎదురుచూస్తోందని అమ్మ తమిళంలో చెప్పింది. మంచం మీద మగమనిషి బొమ్మ. "బతకాలని లేదు వానికి," అన్నాను. అలసిపోయాడు, లేచి భోంచేస్తాడు అంది అమ్మ.

నాకు తమిళం రాదా ఏమిటి? అన్నీ విన్నాను. సరిదిద్దాలంటే నోరు తెరవాలి. అంత ఓపిక లేదు. నా జబ్బు నా కళ్ళముందే నయమైపోతుంటే చూస్తూ కూర్చున్నాను.

చివరి అట్ట మీద బొమ్మే లేదు, ఉత్త తెలుపు.

"ఇది మన ఇల్లే. అందరూ ఉండారు. నేను మాత్రం లేను," అన్నాను.

అమ్మ ఆ అట్ట అందుకుని వెనక్కి తిప్పి చూసింది. అక్కడా ఏమీ లేదు.

"ఎన్నాళ్ళనించి అమ్మణ్ణీ ఇట్లా?" అని నన్నడిగింది.

"తెలీదు మా."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని సైకాలజిస్టు వైపు తిరిగింది. ముందు బొమ్మలు మళ్ళీ చూపించమంది, తను సరిగా చెప్పలేదంది. కిటికీ బొమ్మకు నా మాట ఉన్నదున్నట్టు చెప్పింది. మంచం బొమ్మదీ చెప్పింది.

బతకాలని లేదనే మాట శుక్రవారం పూట అమ్మ నోట వినగానే, ఇన్నాళ్ళకు నాకు భయమేసింది.