వసుంధర గారిని ఎంపిక చేసినవాళ్లు

వాన వెలిసిన మధ్యాహ్నాల్లో సముద్రం వైపు నుంచి గాలి తిరిగితే, మా ఆఫీసు కిటికీలోంచి ఉప్పు, తడి ఇసుక, ఎండుచేపల వాసన కలగలిసి వస్తుంది. చేతిలో ఫైలు అలాగే ఉండిపోతుంది. మనసు మెల్లగా వసుంధర గారి దగ్గరికి వెళ్లిపోతుంది. ఆమె అప్పట్లో మా డివిజన్ ఆర్డీవో. సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి, డిప్యూటీ తహసీల్దారుగా నేను మొదట చేరింది ఆమె దగ్గరే.

చేరిన రోజు నాతో నాయన కూడా వచ్చాడు. విడవలూరు దగ్గర పల్లెలో వేటకు వెళ్లే మనిషి. బుట్టలో చందువా చేపలు తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆమె లేచి ఎదురొచ్చింది.

"ఏందన్నా ఇది?"

"మా బిడ్డకి ఉజ్జోగం ఇచ్చినారు గదమ్మా."

"నేనెక్కడ ఇచ్చినాను? ఆ అమ్మాయి పరీక్ష రాసింది, కమిషన్ ఎంపిక చేసింది. ఈ చేపలు ఇంట్లో ఆ అమ్మాయికే వండిపెట్టండి. ముందు కూర్చోండి."

పడవ అంచున కూర్చున్నట్టు, నాయన కుర్చీ కొసన ఒదిగి కూర్చున్నాడు. సర్కారు ఆఫీసులో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాతి ఏడు, తీరంలో వలలు ఆరేసుకునే ప్రభుత్వ భూమి మీద ఒక పెద్దమనిషి కన్ను పడింది. రొయ్యల చెరువులు తవ్వుకోవాలి, ఆ భూమిని ఎవరూ వాడడం లేదని మా ఆఫీసు నుంచి రిపోర్టు కావాలి. వసుంధర గారూ నేనూ తెల్లవారుతూనే వెళ్లాం. పొగమంచులో నీలం వలలు నేల మీద నీళ్లలా పరుచుకుని ఉన్నాయి. ఆడవాళ్లు చేపలు తిరగేస్తూ ఏదో పాడుకుంటున్నారు. ఆమె వాళ్ల పక్కనే ఇసుకలో కూర్చుంది. తిరిగొచ్చి, చూసింది చూసినట్టు రాసింది.

పెద్దమనిషి ఆఫీసుకొచ్చాడు. "మిమ్మల్ని ఈడికి ఏయించినోళ్లెవురో చెప్పండి మేడమ్, వాళ్లతోనే మాట్లాడుకుంటాం."

ఆమె నవ్వింది. "నా ఇంటర్వ్యూలో అయిదుగురు కూర్చున్నారు. వాళ్ల పేర్లు నాకిప్పటికీ తెలియవు. ఎవరితో మాట్లాడతారు?"

ముందు బదిలీ వచ్చింది. ఆ వెనకే, తప్పుడు రిపోర్టు ఇచ్చిందని అభియోగం. అయితే శిక్ష వేసేముందు ప్రభుత్వం ఆమెను ఎంపిక చేసిన కమిషన్ అభిప్రాయం అడగాలి. ఆ ఎదురుచూపుల నెలల్లో ఒక సాయంత్రం ఆమె మా తీరానికి వచ్చింది. నురగ పాదాలను తడిపి వెళుతుంటే ఇద్దరం నడిచాం. ఆకాశమేదో నీళ్లేదో తెలియని వెలుతురు.

"భయం లేదా మేడమ్?"

"ఎందుకుండదమ్మా? తిండి సయించడం లేదు. కానీ ఉద్యోగం ఇచ్చేటప్పుడు నేనెవరి కూతురినని వాళ్లు అడగలేదు. ఇప్పుడు కూడా కాగితంలో ఏముందో అదే చూస్తారు."

అదే జరిగింది. అభియోగానికి ఆధారం లేదని కమిషన్ చెప్పింది, ప్రభుత్వం కేసు మూసేసింది. ఆమె మాత్రం మళ్లీ మా డివిజన్‌కు రాలేదు. ఎక్కడో మెట్ట ప్రాంతంలో రిటైరైంది. ఆ నేల వలలకే మిగిలింది.

మొన్న ఒకాయన నా బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "మీరు ఎవురి తాలూకా మేడమ్?"

"ఎవరి తాలూకా కాదన్నా," అన్నాను. "మీ పనేందో చెప్పండి."